బెర్నావర్ వీధి, 48 నంబరు

నార్ద్‌బాన్‌హోఫ్ స్టేషన్ మెట్లెక్కి పైకొచ్చేసరికి చలిలో కాస్త ఎండ. "ఇదేనా మావయ్యా, నువ్వు చూడాలన్న గోడ?" అన్నాడు మా మేనల్లుడు. బెర్లిన్‌లో మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు, ఇటువైపు రావడం ఇదే మొదటిసారట. బెర్లిన్ గోడ కొంతమేరే మిగిలింది. మిగతాచోట్ల దాని జాడలో తుప్పురంగు ఇనుప కడ్డీలు పాతారు. వాటి సందుల్లోంచి ఓ పిల్లాడు అటూ ఇటూ దూరుతూ ఆడుకుంటున్నాడు.

నేను వెతుక్కుంటూ వచ్చింది 48 నంబరు ఇంటిని. ఇల్లు ఇప్పుడు లేదు, చోటుంది. ఈ వీధిది ఓ వింత సంగతి: ఒక పక్క ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందరి కాలిబాట పడమటి బెర్లిన్‌ది. గడప దిగితే సరిహద్దు దాటినట్టే. 1961 ఆగస్టు 13న తూర్పు ప్రభుత్వం దారులు మూసేశాక ఈ ఇళ్ల వీధి తలుపులు బిగించేశారు, తర్వాత కిటికీలకు ఇటుకలు పేర్చారు. ఆ మధ్యలో జనం కిటికీల్లోంచి దూకేవారు. కింద పడమటి అగ్నిమాపక సిబ్బంది గట్టి గుడ్డ పరిచి పట్టుకునేవారు.

ఇడా సీక్‌మన్ ఆ 48లోనే మూడో అంతస్తులో ఉండేది. తోడబుట్టినామె ఇల్లు పడమటి వైపున. ఆగస్టు 21న ఆ ఇంటి తలుపు మూతపడింది. మర్నాడు పొద్దున్నే బొంతలూ, ఇంకొన్ని సామాన్లూ కిందికి విసిరి, కిందివాళ్లు గుడ్డ విప్పేలోపే దూకేసింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. తెల్లారితే 59వ పుట్టినరోజు. గోడ బలిగొన్న మొదటి మనిషి ఆమే, తుపాకీ పేలకుండానే.

నా మనసు ఆ బొంతల దగ్గరే ఆగిపోయింది. మెత్తగా పడదామని వేసిందో, రాత్రికి కప్పుకుందామనో. నాకైతే రెండోదే అనిపిస్తుంది.

రెండు రోజులకే తూటాలు మొదలయ్యాయి. ఈదుకుంటూ దాటబోయిన గుంటర్ లిట్‌ఫిన్‌ను కాల్చేశారు. ఏడాదికి పద్దెనిమిదేళ్ల పీటర్ ఫెష్టర్, గోడ కింద దాదాపు గంటసేపు నెత్తురోడుతూ పడి ఉన్నాడు, ఇరువైపులా జనం చూస్తుండగానే. ఈ వీధి స్మారకవనంలోని ఇనుప గూళ్లలో ఇలాంటివాళ్ల ఫొటోలే. గోడ దగ్గర పోయినవాళ్లు కనీసం 140 మంది.

పక్కనే మట్టి గోడల ప్రార్థనామందిరం, చుట్టూ రై పొలం. ఇక్కడున్న పాత చర్చిని తూర్పు ప్రభుత్వం 1985లో పేల్చేసింది. మధ్యాహ్నం పన్నెండింటికి లోపల గోడ దగ్గర పోయినవాళ్లలో ఒకరి జీవితం చదువుతారు. ఆ రోజు క్రిస్ గెఫ్రాయ్‌ది. "ఇరవై ఏళ్లట మావయ్యా" అని గొణిగాడు మావాడు. తూటాకు పోయినవాళ్లలో చివరివాడు, 1989 ఫిబ్రవరిలో. అందుకు కాపలా సైనికులకు తలా 150 మార్కుల బహుమతి ఇచ్చారు. తొమ్మిది నెలలకు సరిహద్దు తెరుచుకుంది.

బయటికొచ్చాక మళ్లీ 48 దగ్గరికే నడిచాను. ఎదురు వరసలో మూడో అంతస్తు కిటికీకి ఎవరో తెల్లటి బొంత ఆరేశారు.

"ఇక్కడ అది మామూలే మావయ్యా, గాలి తగలాలని," అన్నాడు వాడు.