మోకాలి మీద నెపం

"మోకాళ్లు పనిచేయడం లేదు డాక్టరుగారూ, ఇల్లు కదల్లేకపోతున్నా" అంటూ వచ్చే డెబ్బై ఏళ్ల వాళ్లను ఎక్స్‌రేకు పంపే ముందు నేనొకటి అడుగుతాను. ఇదివరకు ఎవరి దగ్గరికి వెళ్లేవారు, ఎప్పుడు మానేశారు? మానేసిన కారణం చాలాసార్లు మోకాలిలో ఉండదు.

విరుదునగర్‌లో పప్పుల మండీ నడిపి, కొడుక్కి అప్పగించిన ఒకాయన ఉన్నారు. మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చిన్ననాటి స్నేహితుడు కోవిల్‌పట్టిలో. వారం వారం బస్సెక్కి, సాత్తూరు మీదుగా వెళ్లి, ఆ స్నేహితుడి కడలైమిఠాయి కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని కబుర్లాడి వచ్చేవారు. ఒక ఏడాదిగా అది ఆగిపోయింది. కొడుకు మోకాళ్లన్నాడు. ఎక్స్‌రేలో వయసుకు తగ్గ అరుగుదలే కనిపించింది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నాను. అందుకు 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. ఈయనకు దాదాపు రెట్టింపు పట్టింది. తొడలు సన్నబడ్డాయి. అది ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నందువల్ల వచ్చింది. అసలు ఎందుకు కూర్చున్నట్టు?

కొడుకును మందుల కొట్టుకు పంపాక గొంతు తగ్గించి చెప్పారు. కాళ్ల వాపుకు పొద్దున్నే నీళ్ల మాత్ర. వేసుకున్న గంటకల్లా మూత్రం ఆగదు. ఒకసారి సాత్తూరు దాటాక బస్సులోనే పంచె తడిసింది. కోవిల్‌పట్టిలో దిగి, స్నేహితుణ్ణి చూడకుండానే తిరుగు బస్సెక్కేశారు. అవతలాయన "బావకు నా మీద ఏం కోపమో" అని కనబడ్డవాళ్లందరినీ అడుగుతున్నారట!

ప్రొస్టేటు పరీక్ష చేయించాను. ప్రయాణం ఉన్న రోజు మాత్రను మధ్యాహ్నం ఇల్లు చేరాక వేసుకోమన్నాను. (మీ డాక్టరును అడక్కుండా మీరిలా మార్చకండి.) రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేవమన్నాను. రెండు నెలల్లో ఆయన మళ్లీ బెంచీ చేరారు.

ఆడవాళ్ల కథ వేరు. కోవిల్‌పట్టిలో తీప్పెట్టి ఆఫీసుకు, అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి, వెళ్లినన్నాళ్లూ చేతులు పెట్టెలు నింపుతుంటే నోళ్లు ఊరి సంగతులన్నీ తేల్చేవి. పని మానాక అరుగే మిగిలింది. ఒకామె ఆ అరుగూ మానేసింది. అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతోందని, మతిమరుపు మొదలైందని కోడలు వెంటబెట్టుకొచ్చింది. చెవుల్లోకి చూస్తే రెండింటా గట్టిపడిన గులిమి. తీసేశాక సగం వినబడింది, మిగతా సగానికి వినికిడి యంత్రం. చెవుడును పట్టించుకోకపోతే మతిమరుపు ముప్పు పెరుగుతుందని ఇప్పుడు వైద్యశాస్త్రం గట్టిగానే చెబుతోంది. నలుగురూ నవ్వుతుంటే ఎందుకో తెలియక కూర్చునే మనిషి, ఎంతకాలమని కూర్చుంటుంది?

ఇక స్నేహితులే పోతే? ఈ ప్రశ్న వచ్చినప్పుడు నాకు మన ఇడైసేవల్ గుర్తొస్తుంది. కోవిల్‌పట్టి పక్కనున్న ఆ పల్లెలో తెలుగిళ్లలో పుట్టి, తమిళంలో రాసిన ఇద్దరు నేస్తాలు కి. రాజనారాయణన్ (కి.రా.), కు. అళగిరిసామి. ఊరు వదిలి వెళ్లిన అళగిరిసామి కి.రా.కు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. 1970లో అళగిరిసామి నడివయసులోనే పోయారు. కి.రా. ఆ తర్వాత యాభై ఏళ్లు బతికారు. అదీ, యవ్వనంలో క్షయతో బాధపడిన మనిషి! పల్లె కథలు పోగుచేశారు, కరిసల్ (నల్లరేగడి) నేల మాటలకు నిఘంటువు కూర్చారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2021 మేలో కన్నుమూసేనాటికి తొంభై దాటి చాలా ఏళ్లయింది. ఆ ఆయుర్దాయానికి కారణం నేను చెప్పలేను, వైద్యుడిగా చెప్పకూడదు కూడా. కానీ తనకంటే చిన్నవాళ్లతో కూర్చుని మాట్లాడటం ఆయన మానుకోలేదన్నది మాత్రం గమనించాను.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలాలని, మూడు రోజులు తూకం నిలిపే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మంచిమాటే. కానీ నిమిషాలు లెక్కపెట్టుకుని నడిచే తాతను నేనింకా చూడలేదు. ఎవరో ఎదురుచూస్తున్నారంటే మాత్రం నడుస్తారు.

కోవిల్‌పట్టి హాకీ ఊరు. వయసులో ఆడిన ఒకాయన, తోటి ఆటగాళ్లు ఒక్కొక్కరే పోయాక, సాయంత్రాలు మైదానానికెళ్లి కుర్రాళ్లకు కర్ర పట్టడం నేర్పుతున్నారు. "పడితే ఎవరు చూస్తారు? మాన్పించండి సార్" అని కొడుకు నా దగ్గరికొచ్చాడు. ఇంట్లో కూర్చోబెడితే కాళ్లు ఇంకా బలహీనపడి, పడే ముప్పే పెరుగుతుందని చెప్పి పంపాను. ఆ పెద్దాయన చేత హవాయి చెప్పులు మాన్పించి, బూట్లు మాత్రం కొనిపించాను.