పాత బ్రిడ్జి కింద ఒక పొద్దు

నిడదవోలు దాటగానే పెట్టెలో కదలిక మొదలవుతుంది. కొవ్వూరు వచ్చేస్తోందని ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల్ని కిటికీ దగ్గరికి జరుపుతారు. కొంగుముళ్ళలోంచి, చొక్కా జేబుల్లోంచి బిళ్ళలు బయటికి వస్తాయి. నేనూ ఒక రూపాయి బిళ్ళ పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాను. రైలు ఆర్చ్ బ్రిడ్జి ఎక్కింది. విల్లులా వంగిన కాంక్రీటు కమానులు ఒకదాని తరవాత ఒకటి వెనక్కి పోతుంటే, పుష్యమాసపు మంచులో ఇంకో వంతెన మాతోపాటే ఏటి మీద సాగుతూ కనిపించింది. దాని మీద రైలు నడిచి దాదాపు మూడు పదులేళ్ళయింది. బిళ్ళ గోదావరికి వేశాను గానీ దణ్ణం మాత్రం ఆ పాత బ్రిడ్జికే పెట్టుకున్నాను.

ఈసారి వచ్చింది దానికోసమే.

రాజమండ్రి ఒడ్డున గోదావరి స్టేషన్లో దిగి పుష్కరాల రేవుకి నడిచాను. రేవులో నావ మాట్లాడుకున్నాను. నడిపే కుర్రాడిది బ్రిడ్జి లంక. ఏటి మధ్య ఆ లంకకి పేరు వంతెన వల్లే వచ్చింది. వరదొచ్చినప్పుడల్లా లంక వాళ్ళని ఒడ్డుకి తరలిస్తారు, తగ్గగానే మళ్ళీ వెళ్ళిపోతారు.

"లంకలోకాండీ?" అన్నాడు.

"కాదు బాబూ, పాత బ్రిడ్జి కిందికి. స్తంభం దగ్గరగా చూడాలి."

"ఆయ్, చూపిత్తానండి" అని గెడ వేశాడు.

రైల్లోంచి చూస్తే అది ఒక గీత. కిందనుంచి చూస్తే వేరే సంగతి. చెక్కిన రాళ్ళు వరస మీద వరసగా పేర్చిన స్తంభం ఏటిలోంచి నిటారుగా లేచి, తల మీద ఉక్కు గడ్డర్లని మోస్తోంది. రాతికి అరచెయ్యి ఆనించాను. చల్లగా, గరుగ్గా ఉంది. ఏ ఏటి వరద ఆ ఏడు గీసిపోయిన ఒండ్రు చారలు ఒకదానిమీద ఒకటి. కుర్రాడు నావలో లేచి నిలబడి, చెయ్యి ఇంకా పైకి చాచి, "ఎనభయ్యారు వరదప్పుడు ఇంకా ఆ పైకి వచ్చిందంట అండి, మా నాన్న చూపించేవోడు" అన్నాడు. 1986 ఆగస్టు వరద గోదావరి జిల్లాల వాళ్ళకి ఇప్పటికీ ఒక కొండగుర్తు. ఆ నీళ్ళలోనూ ఈ రాళ్ళు కదల్లేదు.

ఎందుకు కదల్లేదో తెలియాలంటే ఇసక లోపలికి చూడాలి. గోదావరి అడుగున మేట వేసిన ఇసక మీద పునాది నిలవదు. అందుకని బావులు దింపారు. మన లంకల్లో ఒరల నుయ్యి దింపడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. పదునైన అంచున్న చట్రం ఇసకలో పెట్టి, దాని మీద గుండ్రంగా గోడ కట్టుకుంటూ, లోపలి ఇసక తోడేస్తుంటే ఆ బరువుకి అదే దిగుతుంది. దిగినకొద్దీ పైన కడతారు, కట్టినకొద్దీ దిగుతుంది. గట్టినేల తగిలాక నింపేసి దాని మీద స్తంభం లేపుతారు. ఇక్కడ ఖానాలు 56, ఒక్కొక్కటి 150 అడుగులు. పని మొదలైంది 1897 నవంబరు 11న. మొదటి రైలుకి దారి ఇచ్చింది 1900 ఆగస్టు 30న. మూడేళ్ళు కూడా నిండలేదు. అందులోనూ ఏరు పొంగే నెలలు తీసెయ్యాలి. మిగిలిన రోజుల్లో ఎంతమంది కూలీలు ఎన్ని తట్టల ఇసక తోడి ఉంటారో! వంతెనకి పెట్టింది అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు. ఇంజనీరు వాల్టన్ పేరైనా పుస్తకాల్లో ఉంది. ఆ తట్టలు మోసినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఈ వాల్టనే అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టాడు. గంగ దగ్గర నేర్చిన విద్య గోదావరికి తెచ్చాడన్నమాట. అంతవరకూ రైలుపట్టాలు అటు కొవ్వూరులో, ఇటు రాజమండ్రిలో ఆగిపోయేవి. మధ్యలో పడవే దిక్కు. ఈ దారిన మద్రాసు నుంచి హౌరా దాకా రైలు దిగకుండా వెళ్ళే వీలు కలిగింది ఈ వంతెన తరవాతే.

1997లో ఆర్చ్ బ్రిడ్జికి పని అప్పగించి దీన్ని పక్కన పెట్టారు. నూరేళ్ళ ఆయుష్షు తీరిందన్నారు. తీరాక అంత ఉక్కుని ఏం చేస్తారు? విప్పి తుక్కు కింద అమ్మెయ్యాలన్న మాట లేచింది. ఊరు ఒప్పుకోలేదు.

ఆ ఒప్పుకోకపోవడం ఎలాంటిదో నాకు చెప్పింది, రేవు మెట్ల మీద కనిపించిన ఒక పెద్దాయన. రైల్వేలో కీమాన్‌గా చేశారట. భుజాన సుత్తీ, చేతిలో జెండాలూ పట్టుకుని ఈ వంతెన మీద రోజూ నడిచిన మనిషి. "మేమేం పెద్ద పోరాటాలు చెయ్యలేదండి. ఎవరు కాగితం తెచ్చినా సంతకం పెట్టాం. ఎవరు మీటింగు పెట్టినా వెళ్ళి కూచున్నాం. ఏ నాయకుడొచ్చినా అదే అడిగాం. విప్పొద్దండి, ఉంచండి. అంతే" అన్నారు.

అంతే అంటారు గానీ, పాతికేళ్ళకి పైగా ఒకే మాట విడవకుండా అనడం చిన్న పనేమీ కాదు. ప్రభుత్వాలు మారాయి, పథకాలు వచ్చాయి, వచ్చినవి కాగితాల మీదే ఆరిపోయాయి. ఉక్కు తుప్పు పట్టింది. ఊరు మాత్రం అడగడం మానలేదు. చివరికి 2025 జూన్ 26న 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. పాత బ్రిడ్జిని జనం చూడదగ్గ చోటుగా మలచడం అందులో ఒక పని. 2027లో పుష్కరాలు వస్తున్నాయి కనక తొందరా ఉంది.

నాకు ఆ తొందరంటేనే కొంచెం భయం. హోటళ్ళూ, కొట్లూ, రంగుల దీపాలూ ముందు వచ్చి, నడిచే దారి చివర మిగిలిన కాస్త జాగాలో సర్దుకోకూడదు. ఈ వంతెనకి కావలసిన మొదటి మరమ్మతు మనుషుల అడుగులు. అమెరికాలో హడ్సన్ నది మీద పొకీప్సీ దగ్గర 1889 నాటి రైలు వంతెన ఉంది. 1974లో నిప్పంటుకుని మూతపడింది. చుట్టుపక్కల వాళ్ళు 1992లో సంఘం పెట్టుకుని వెంటబడి, 2009 అక్టోబరులో దాన్ని నడకదారిగా తెరిపించుకున్నారు. అది రెండు కిలోమీటర్ల పైచిలుకు. మనది అంతకన్నా పొడుగు. కొవ్వూరు గోష్పాద రేవులో స్నానం చేసి, కాలినడకన గోదావరి దాటి రాజమండ్రిలో టిఫిను చేసే రోజు ఎందుకు రాకూడదు? 2022 తరవాత రెండు ఒడ్లూ ఒకే జిల్లా కూడాను.

మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్ళాను. కందుకూరి వారి ఇల్లు చూశాను. 1881లో ఆయన తొలి వితంతు వివాహం జరిపించిన ఊరిది. తరవాత దామెర్ల రామారావు చిత్రశాల. ఆ చిత్రకారుడు పుట్టిందీ 1897లోనే, వంతెన పని మొదలైన ఏడే. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయాడు. బొమ్మలు మాత్రం అయినవాళ్ళూ, స్నేహితులూ చెదిరిపోనివ్వకుండా కాపాడారు. ఈ ఊరికి దాచుకోవడం తెలుసు.

సాయంత్రం మళ్ళీ రేవుకి వచ్చాను. హారతికి జనం చేరుతున్నారు. పెద్దాయన పొద్దున్న కూచున్న మెట్టు మీదే ఉన్నారు. పక్కన కూచున్నాను. ఎదురుగా వంతెన నల్లబడుతోంది. ఆర్చ్ బ్రిడ్జి మీద ఏదో రైలు ఎక్కిన చప్పుడయింది. ఆయన తలెత్తలేదు.

"గూడ్సండి. నిండుది" అన్నారు.

తలతిప్పి చూశాను. గూడ్సే. పెట్టెల నిండా బొగ్గు.

"ఎలా చెప్పారు?"

"చప్పుడు బరువును బట్టి. ఇది కాంక్రీటు గదండీ, సరిగా పలకదు. పాత బ్రిడ్జి మీదైతే ఎన్ని పెట్టెలో కూడా చెప్పేవోణ్ణి."