హరిదాసు బండెక్కాడు

సంక్రాంతి నెలలో కోనసీమకి వస్తే తెల్లారకముందే లేవండి. కొబ్బరితోటల మంచులోంచి ముందు చిడతలు వినిపిస్తాయి, తర్వాత హరిదాసు కనిపిస్తాడు. తలమీద అక్షయపాత్ర, భుజాన తంబుర. హరినామం తప్ప మాట్లాడడు. పిల్లలు గుప్పిట్లో బియ్యం తెస్తే, అందేలా మోకాళ్ల మీద వంగుతాడు. ఇల్లు చేరేదాకా పాత్ర దించకూడదు. నెలంతా తిరిగితే పండక్కి స్వయంపాకం, బట్టలు.

ఇప్పుడు చాలామంది బండెక్కారు, పాటకి మైకు. ‘ఇదేం హరిదాసు’ అని అరుగుల మీద సణుగుళ్లు. అమలాపురం దగ్గర ఒక పెద్దాయన్ని, ఇంటికొచ్చి పాత్ర దించాక అడిగాను.

‘ఆయ్, అప్పుడు మా ఊరొక్కటే సరిపోయేదండి. ఇప్పుడు బియ్యం పోసే గుమ్మాలేవండీ? నాలుగూళ్లు తిరగాలి. మోకాళ్లు అరిగిపోయాయి. అబ్బాయేమో హైదరాబాదులో ఉన్నాడు.’

సణిగేవాళ్లు మాత్రం పక్కవీధికి నడిచే వెళ్తున్నారా ఏంటి!

పిల్లలున్న ఇంటి ముందు మాత్రం బండి దిగి, ఇప్పటికీ వంగుతాడట.