నేను కన్న తిమింగలము

జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములందు బండరాళ్లే గాని అలలు లేవు. 1976వ సంవత్సరమున అన్నపూర్ణా స్టూడియో వెలసిన పిమ్మట ఈ రాతిగుట్టలయందు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా పెంపొందెను. మా తాతగారు ఇచ్చటి స్టూడియోలలో ముప్పది యేండ్లు తెరలు చిత్రించిరి. ఒక తెరపై, ఓడను వెంబడించు తిమింగలమును గూడ వ్రాసిరి. కాని నడిసముద్రమును వారెన్నడును చూచి యెరుగరు.

నీటికాసుల వ్యాధిచే వారి చూపు సన్నగిల్లుచుండెను. పోయిన చూపు మరల రాదని వైద్యులు చెప్పిరి. ఉన్న కొద్దిపాటి చూపైన నుండగనే వారికి సముద్రమును చూపవలెనని, 2019వ సంవత్సరము జనవరి మాసమున, విశాఖపట్టణమున అండమానులకు పోవు ఓడ నెక్కితిమి. డాల్ఫిన్ నోసు కొండ ప్రక్కగా ఓడ రేవు దాటుచుండ, ఆ కొండ యాకారమును నేను చెప్పగా, తాతగారు వ్రేలితో గాలిలో దాని రేఖను గీచుకొనిరి.

మరునాటి యుదయమున "డాల్ఫినులు! డాల్ఫినులు!" అని కేకలు వినబడెను. నేను తాతగారిని బల్లపైననే విడిచి, సెల్‌ఫోను చేతబట్టి పరుగెత్తితిని. ఇరువదికి తక్కువ గాకుండ డాల్ఫినులు ఓడతో పందెము వేసినట్లు వచ్చుచుండెను. ఓడ ముందుభాగము నీటిని త్రోయునపుడు పుట్టు అల వానిని ముందునకు నెట్టును. అందుచే అవి శ్రమ లేకయే పరుగెత్తగలవు. నేను ఫొటోల సందడిలో నుండగనే అవి మాయమయ్యెను. చూచుకొనగా ఫోనులో నురుగు దక్క మరేమియు లేదు!

వెనుదిరిగి చూడగా తాతగారు తడవుకొనుచు ఒంటరిగా వచ్చి, ఇనుపకమ్మిని పట్టుకొని నిలిచియుండిరి. ఓడ ఊగుచుండెను. ఆ క్షణమున నాకు కలిగిన సిగ్గు వర్ణింపనలవి గాదు. వారు మాత్రము కోపగింపక, "నాయనా! అవి ఊపిరి విడిచిన చప్పుడు వింటినిరా. ఎట్లుండెనో చెప్పుము" అనిరి.

ఆ సాయంకాలము ఫోనును సంచిలో పెట్టి వారి ప్రక్కనే నిలిచితిని. ప్రొద్దు వాలు వేళ దూరమున నీటిపై తెల్లని ఆవిరి లేచెను. పిమ్మట నల్లని వీపు, దానిపై చిన్న రెక్క కనబడెను. తిమింగలమని ఓడవారు చెప్పిరి. రెండవమారు అది దగ్గరగా లేచి, కొలిమితిత్తివలె బుస్సుమని శ్వాస విడిచెను. తాతగారు నా చేయి గట్టిగా పట్టుకొనిరి. చూచినదంతయు నేను మాటలతో చెప్పితిని.

ఆదివారపు బడిలో యోనా కథ విన్ననాట నుండి తిమింగలమనగా మనుజులను మ్రింగు చేప యని నేను తలచియుంటిని. అది చేప గాదు. మనవలెనే ఊపిరితిత్తులు గలది, పిల్లలకు పాలిచ్చునది. నెత్తిమీది రంధ్రముతో గాలి పీల్చుటకు నీటిపైకి రాక తప్పదు. చేప తోక నిలువుగా నుండి ప్రక్కల కాడును; తిమింగలములకు, డాల్ఫినులకు తోక అడ్డముగా పరచుకొని పైకి క్రిందికి నాడును.

ఈ మాట చెప్పగనే తాతగారు నవ్వి, "అట్లయిన నేను నా తెరమీద చేప తోకను తగిలించితినిరా! ఇన్నియేండ్లు ఎవ్వరును తప్పుపట్టరైరి" అనిరి.

ఇల్లు చేరిన పిమ్మట వారు సుద్దముక్క నడిగి, పెరటిగోడపై తడవుచు తిమింగలమును గీచిరి. గీత వణకెను, తోక మాత్రము అడ్డముగానే వచ్చెను. నేడు వారి చూపు పూర్తిగా పోయినది. ఆ గోడకు మరల సున్నము వేయలేదు.

సోదర విద్యార్థులారా! సృష్టికర్త కనులిచ్చినది మన కొరకే కాదు. చూడలేనివారికి చెప్పుటకును గూడ. ఆ ఉదయము నాకు చిక్కని చిత్రమునకై నేను విచారింపను. ప్రక్కనున్నవారిని విడిచి పరుగెత్తినందులకే నేటికిని విచారించుచున్నాను.