ఇంజన్ ఆపినా ఆగని నౌక



ఈ రోజు సాయంత్రం మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి చూడండి. అంతరిక్షంలో వేగంగా వెళ్తున్న నౌక ఇంజన్ ఆపేస్తే ఏమవుతుంది? తొమ్మిదో తరగతిలో కూడా చాలామంది పిల్లలు "ఆగిపోతుంది మేడం" అనే అంటారు. అదే పిల్లలు పరీక్షలో న్యూటన్ మొదటి నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. ఇందులో వాళ్లను తప్పు పట్టాల్సిందేమీ లేదు. సైకిలు, స్కూటరు, ఆటో ఏదైనా తొక్కడం మానేస్తేనో, ఇంజన్ ఆపేస్తేనో కాసేపటికి ఆగిపోవడమే వాళ్లు చూశారు. నియమం పుస్తకంలో ఉంది, అనుభవం రోడ్డు మీద ఉంది. రెండూ ఎక్కడా కలవలేదు.

వాటిని కలపడానికి నేను ఫిజికల్ సైన్స్ క్లాసులో ఒక కంప్యూటర్ ఆటను వాడుతున్నాను. ఆట అనగానే మీలో కొందరు కంగారు పడతారని తెలుసు. ఇందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు, పాయింట్లు లేవు, డబ్బు కట్టమని అడగడం లేదు. 2020 మేలో డగ్ హర్లీ, బాబ్ బెంకెన్ అనే ఇద్దరు నాసా వ్యోమగాములు డ్రాగన్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. ఆ రోజుల్లోనే నౌకను తయారుచేసిన స్పేస్‌ఎక్స్ సంస్థ దీన్ని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. వ్యోమగాములు తమ చేత్తో నౌకను నడపాల్సి వస్తే వాడే తెర ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. చేయాల్సిన పని ఒక్కటే. సుమారు 200 మీటర్ల దూరం నుంచి నౌకను తీసుకెళ్లి కేంద్రం ద్వారానికి నెమ్మదిగా కలపాలి. దాన్నే డాకింగ్ అంటారు.

తెరకు కుడివైపు మీటలు నౌక ముక్కును తిప్పుతాయి. ఎడమవైపు మీటలు నౌకను ముందుకు, వెనక్కి, పక్కలకు, పైకి, కిందికి జరుపుతాయి. మీట నొక్కినప్పుడల్లా చిన్న ఇంజన్ ఒక్కసారి ఊది ఆగిపోతుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకని మనం మళ్లీ నొక్కుతాం, ఇంకోసారి నొక్కుతాం. ప్రతి నొక్కూ వేగానికి కలుస్తూనే ఉంటుంది, ఏదీ తనంతట తాను తగ్గదు. ఆపాలంటే ముందుకు ఎన్నిసార్లు నొక్కామో వెనక్కీ అన్నిసార్లు నొక్కాలి. కుడికి ఒక్క నొక్కు నొక్కి ఊరుకుంటే, ఎడమకు ఒక నొక్కు నొక్కేదాకా నౌక కుడికే పోతూ ఉంటుంది. ప్రతి నొక్కుకూ ఒక ఎదురు నొక్కు బాకీ ఉంటుందన్నమాట.

2025 సంక్రాంతి సెలవుల్లో నరసాపురంలో మా ఇంట్లో దీన్ని సాధన చేశాను. మా నాన్నగారు నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద 20 ఏళ్లకు పైగా పనిచేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను చదువుకునే రోజుల్లో నా పుస్తకం ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. "నాకేం తెలుసమ్మా, మీ టీచర్ని అడుగు" అనేవారు. ఆ రోజు నా వెనక కుర్చీ వేసుకుని చాలాసేపు మాట్లాడకుండా చూశారు. రెండు సార్లు నౌక కేంద్రాన్ని దాటి వెళ్లిపోయింది.

"దీనికి బ్రేకు లేదా?" అన్నారు.

"లేదు నాన్నా."

"పంటుకీ లేదుగా. ఒడ్డు దగ్గరికొచ్చాక ఆపుదామంటే ఆగదమ్మా. నడి ఏట్లోనే తగ్గించుకోవాలి. ముందు ముక్కు తిన్నగా పెట్టుకో. తర్వాత పక్కలు సరిచూసుకో. ఆ తర్వాతే ముందుకెళ్లు."

అలాగే చేశాను. కాసేపాగి ఆయనే మళ్లీ అడిగారు. "మాకైతే నీళ్లు పట్టుకుంటాయి. దీన్నేం పట్టుకుంటుంది?"

"అక్కడ నీళ్లు లేవు, గాలీ లేదు నాన్నా."

"అయితే ఎవరో ఒకరు ఆపేదాకా పోతానే ఉంటదన్నమాట."

న్యూటన్ మొదటి నియమం అదే. బీఈడీలో దాన్ని ఎలా బోధించాలో ఎన్నో పాఠ్య పథకాలు రాశాను. ఇంత పొట్టిగా ఎక్కడా రాయలేదు. ఆ ప్రయత్నంలో నౌక కలిసింది. తెర మధ్యలోని పచ్చ అంకెలన్నీ 0.2 లోపు ఉంటేనే కలిసినట్టు. ఆయన సంతోషమేమీ పైకి చూపించలేదు. "చివర్లో ఇంకాస్త నెమ్మదిగా రావచ్చు" అన్నారు.

ఆ సెలవుల్లోనే, ముక్కనుమ నాడు, జనవరి 16న, ఇస్రో నిజంగా ఆ పని చేసి చూపించింది. మన శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న పీఎస్ఎల్‌వీ సీ60 మోసుకెళ్లిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలు భూమికి సుమారు 475 కిలోమీటర్ల ఎత్తున ఒకదానితో ఒకటి కలిశాయి. ఒక్కోటి దాదాపు 220 కిలోలు. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఇది చేసిన నాలుగో దేశం మనది. దారిలో 5 కిలోమీటర్లు, ఒకటిన్నర కిలోమీటరు, 500 మీటర్లు, 225, 15, చివరికి 3 మీటర్లు, ఇలా ఒక్కో దూరం దగ్గర ఆగి, అన్నీ సరిచూసుకుని ముందుకెళ్లేలా ఏర్పాటు చేశారు. జనవరి 12న 3 మీటర్ల దాకా వచ్చి వెనక్కి మళ్లారు. కలవడం కొన్ని రోజులు ఆలస్యమైంది, కానీ ఎవరూ తొందరపడలేదు.

సెలవుల తర్వాత క్లాసులో స్మార్ట్ బోర్డు మీద ఒక్కొక్కరికీ అవకాశం ఇచ్చాను. ఒక అమ్మాయి ముందుకు రెండు సార్లు నొక్కి, చెయ్యి తీసేసి, తెర వైపే చూస్తూ నిలబడింది. దూరం అంకె తగ్గుతూనే ఉంది. "మేడం, నేనేం నొక్కట్లేదు, అయినా వెళ్తోంది!" అంది. ఆ నియమాన్ని ఆ పాప అప్పటికి ఎన్నిసార్లు చూడకుండా రాసిందో నాకు తెలుసు. అర్థమైంది మాత్రం ఆ క్షణంలోనే.

పేరెంట్స్ మీటింగులో మీలో చాలామంది నాతో ఒకే మాట అంటారు. "మాకు ఇంగ్లీషు రాదు మేడం, అంతా మీరే చూసుకోవాలి." ఫీజు కట్టడంతో మీ వంతు అయిపోయిందని మీరు అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. మీలో వరిచేలో ట్రాక్టరు తిప్పేవాళ్లున్నారు. రావులపాలెం నుంచి అరటి లోడుతో లారీ తోలేవాళ్లున్నారు. లోడు బండిని ఎంత ముందుగా అదుపు చేసుకోవాలో లారీ తోలేవాళ్లకు తెలిసినంత బాగా మా పాఠ్యపుస్తకం చెప్పలేదు. పిల్లలకు ఇంగ్లీషులో నియమం మేం నేర్పుతాం. అది నిజమని నమ్మేలా చేయగలిగింది మీరు.

అందుకే ఒక విన్నపం. ఈ ఆదివారం అరగంట, గడియారం పెట్టుకుని, పిల్లల పక్కన కూర్చుని ఈ ఆట ఆడించండి. ఫోనూ, కంప్యూటరూ ఏదైనా చాలు. మీట వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. దగ్గరికొస్తున్నప్పుడు "ఇప్పుడు వేగమెంత? ఆపాలంటే ఎన్ని నొక్కులు కావాలి?" అని తెలుగులోనే అడగండి. మీ పనిలో మీరు దేన్ని ఎలా ఆపుతారో చెప్పండి. నౌక మొదటి రోజే కలవకపోయినా ఫరవాలేదు. సోమవారం వాళ్లు క్లాసుకొచ్చి "మా నాన్న చెప్పారు మేడం", "మా అమ్మ చెప్పింది మేడం" అని మొదలుపెడితే, ఆ రోజు పాఠం నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.