మేనల్లుని కారు

మా మేనల్లుడు డిప్లొమా చదివి పొన్నూరునకు తిరిగివచ్చి, ఉద్యోగ ప్రయత్నము మాని, గొడ్లసావిడిలో కారు కట్ట మొదలిడినప్పుడు మేము సంతోషింపలేదని ఒప్పుకొనవలసియున్నది. కలము పట్టిన యింటివాడు పానా పట్టునా యని మా అక్కగారితో నంటిమి. ఆ మాట వాడు విననే విన్నాడు.

ఇంగ్లండులో 1957లో వెలువడిన లోటస్ సెవెన్ అను కారును విడిభాగములుగా కొని యింటియొద్ద బిగించుకొన్నవారికి కొనుగోలుపన్ను తప్పెడిది. అట్టివానిని కిట్ కార్లందురు. మనదేశమున నవి రోడ్డెక్కుట కష్టము. తయారీదారు నిర్ణయించిన లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున వాడు బండిని ట్రాక్టరు ట్రక్కుపై కెక్కించి, ప్రత్తిపాటివైపు మెట్టలో నున్న మా అక్కగారి మిరపచేనికి చేర్చెను. చేనినుండి కళ్ళమునకు పోవు సొంత బాటయే దాని రాజమార్గము.

ఇంజను తుక్కులో కొన్న మారుతి 800ది. 796 సి.సి., మూడు సిలిండర్లు. దానికి ఆల్టర్నేటరు లేదు. వాడు కట్టిన గొట్టముల చట్రమునకును ఇంజనుకును నడుమ నున్న సందు జానెడైన లేదు.

"మావయ్యా, చిన్నది పెట్టమంటారా, పెద్దది పెట్టమంటారా?" అని వాడడిగెను.

మేము సంస్కృతాంగ్లములు చెప్పు పంతులము. అయినను, అడిగినవానికి తెలియదని చెప్పు అలవాటు మా వృత్తిలో తక్కువ. "అధికస్యాధికం ఫలమ్" అంటిమి. పాపము, వాడు నమ్మెను. పెద్ద జీపునకు తగిన 90 ఆంపియర్ల దానిని కొని, సందున పట్టక, బ్రాకెట్టు కోసి వెలికి జరిపి బిగించెను. పుల్లీలు ఒక వరుసలో నిలువలేదు. బెల్టు ఒరసికొని జారుచుండెను. బ్యాటరీకి చాలినంత విద్యుత్తు చేరలేదు. పది దినములకు ఒక రాత్రి బెల్టు తెగి హెడ్లైట్లు నిప్పుకణికలవలె నెఱ్ఱబడి ఆరిపోయెను. ఎదుట కళ్ళము. మిరప రాసుల ప్రక్క పట్టాలు కప్పుకొని కూలీలు నిద్రించుచుండిరి. ఘాటుకు ఎవరో దగ్గిరి. ఆ దగ్గు విని వాడు బండి నాపెను. చక్రమునకును వారి పట్టాకును నడుమ నెంత దూరమున్నదో వాడు మాకు చెప్పలేదు, మేమడుగలేదు.

మరునాడు కాగితము ముందిడుకొని కూర్చుంటిమి. ఈ పర్యాయము వాడు చెప్పెను, మేము వ్రాసితిమి. హెడ్లైట్లు రెండు, ఒక్కొక్కటి 55 వాట్లు, వెరసి 110. రేడియేటరు ఫ్యాను సుమారు 100. మంట పుట్టించు కాయిలుకు 40, వెనుక దీపములకు 30, వైపరుకు 60. మొత్తము 340 వాట్లు. దానిని 14 వోల్టులచే భాగింప 24 ఆంపియర్లకు కొంచెము పైన. చిన్న ట్రాక్టరులకు పెట్టు 40 ఆంపియర్ల దానితో పని జరుగును! ఇంత చిన్న భాగహారమును మేము చేయక శ్లోకపాద మప్పగించితిమి.

అయితే చిన్నదనగానే సరిపోదు. 40 అని రేకుపై వ్రాసినది వేగముగా తిరుగునప్పటి మాట. మెల్లగా తిరుగునప్పుడు అందులో సగమైన రాకపోవచ్చును. ఇంజను పుల్లీ 120 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరుది 60 అయినచో, ఇంజను ఒక చుట్టునకు ఇది రెండు చుట్లు తిరుగును. దీని పుల్లీని మరింత తగ్గింతమా, మెల్లని నడకలో లాభమే గాని బెల్టునకు పట్టు చాలక జారును. చిన్న దేహము త్వరగా కాగును, కాగినకొలది విద్యుత్తు తగ్గును. అందుచే పొగగొట్టమునకు దూరముగా నుంచవలెను. బ్యాటరీ తీగలు తారుమారుగా కలిపితిమా, లోపలి డయోడ్లు క్షణములో మాడును. మా బాల్యమున డైనమో గల అంబాసిడరు కారు ఆగినప్పుడెల్ల దీపము లేల మసకబారెడివో ఆనాడు మాకు బోధపడినది. డైనమో ఆ మెల్లని నడకలో నించుమించు ఏమియు నీయదు.

గుంటూరులో పాతసామాను దుకాణమున నొకటి దొరికెను. "కొత్తదానితో సమానమండీ" అని అమ్మకపువాడు ప్రమాణము చేసెను. మా ఊరి దేవుడు సాక్షి భావనారాయణస్వామి. మాట యిచ్చి తప్పిన మేనమామకు ఎదురుగా మేనల్లుని పక్షమున సాక్ష్యము పలికెనని మా ఊరివారి కథ. మేనల్లుడది తలచెనో లేదో గాని, ప్రమాణము నమ్మక, మధ్య సున్న గల ఆంపియరు మీటరొకటి కొని తెచ్చెను.

చీకటి పడినపిదప దీపములు, ఫ్యాను అన్నియు వేసి ఇంజను నడిపితిమి. 800 చుట్లవద్ద సూది ఋణమువైపు వ్రాలెను. మాకు గుండె జారినది. వాడు పెడలు కొంచెము నొక్కెను. 1500 దాటునప్పటికి సూది సున్న దాటి ధనమువైపు రెండు గీతలు జరిగి అచ్చటనే నిలిచెను.

"ఎక్కండి మావయ్యా" అనెను. ఎక్కి, కళ్ళము చేరువరకు బాటను గాక ఆ సూదినే చూచుచు కూర్చుంటిమి.