లియోన్ దాకా ఎందుకు?

మా కాలేజీలో చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ఫ్రాన్సు దేశంలో లియోన్ అనే నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నెలకొక ఉత్తరం రాస్తాడు. ఉత్తరమంటే పూర్వంలా కాగితమూ కవరూ కాదు, సెల్‌ఫోనులో వచ్చేదే. అయినా “గౌరవనీయులైన సార్‌కి నమస్కారములు” అని మొదలుపెట్టి రెండు మూడు పుటలు తెలుగులో రాస్తాడు గనక నేను దాన్ని ఉత్తరమనే అంటాను.

మొన్నటి ఉత్తరం నిండా ఆదివారాల ముచ్చటే. లియోన్ వందల ఏళ్ళుగా పట్టు నేతకు పేరుపడ్డ ఊరట. క్రువా రూస్ అనే గుట్ట మీద ఆనాటి నేతగాళ్ళ ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. ఎత్తయిన మగ్గాలు పట్టడానికని వాటి కప్పులు కూడా బాగా ఎత్తుగా కట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఇళ్ళలో కొన్నిటిలో చిన్న చిన్న చిత్రశాలలు వెలిశాయి. మనవాడు ఒక్కొక్క దాంట్లో దూరి తీరికగా బొమ్మలు చూస్తాడు. కొనమని ఎవరూ బలవంతపెట్టరు. మధ్యాహ్నం కాగానే “బూషోన్” అని పిలిచే పాతకాలపు పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి భోంచేస్తాడు. అక్కడ “నేతగాడి మెదడు” అని ఒక వంటకం పెడతారట. మా ఆవిడ “శివశివా!” అంది. తీరా చూస్తే అది మెత్తటి జున్నులో ఆకులూ ఉల్లీ కలిపిన పచ్చడిలాంటిది, పేరే అంత!

ఇంతవరకూ బాగానే ఉంది. చివరి వాక్యం మాత్రం ముల్లులా గుచ్చుకుంది. “మన అనంతపురంలో ఆదివారం వస్తే చూడ్డానికి ఏముంది సార్, ఎండా బండా తప్ప?”

వాణ్ణి నాలుగు చీవాట్లు పెడదామని కూర్చున్నాను. మా ఆవిడ అడ్డుపడింది. “వాడన్నదాంట్లో తప్పేముంది? ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాం. మీరు మాకేం చూపించారు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని మరుసటి ఆదివారం నేనూ, మా ఆవిడా, పదో తరగతి చదివే మా అమ్మాయీ పొద్దున్నే బయలుదేరాం. స్టేషను దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు పోపు వేసి, పుట్నాలపొడి చల్లి పెట్టే ఈ ఫలహారం తినకుండా మా సీమలో ప్రయాణం కట్టడం శుభం కాదు.

రైలు హిందూపురం వైపు సాగింది. ఎర్రనేల, గుండ్రాళ్ళ గుట్టలు, వానకోసం ముఖం పైకెత్తుకున్న వేరుశెనగ చేలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే నేల ఇది. దేశంలో అతి తక్కువ వాన చూసే ప్రాంతాలలో ఒకటి. పెనుకొండ కోట కొండ కనబడగానే మా అమ్మాయికి 1565 నాటి తళ్ళికోట యుద్ధమూ, ఆ తరవాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి తరలించడమూ చెప్పబోయాను. “నాన్నా, ఆదివారం!” అంది. ఊరుకున్నాను.

హిందూపురంలో దిగి బస్సెక్కితే లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. ఊళ్ళోకి అడుగుపెట్టేవాళ్ళను ముందుగా పలకరించేది నంది. ఒకే రాయిలో చెక్కిన ఆ నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. వీరభద్రస్వామి గుడిని అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దిలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. వచ్చినవాళ్ళందరూ నేలకు ఆనని స్తంభం కిందనుంచి గుడ్డ లాగి, ఫొటో తీయించుకుని వెళ్ళిపోతున్నారు. మేమూ లాగాం. కాని లేపాక్షి అసలు సొత్తు తల పైకెత్తితే కనిపిస్తుంది.

మండపం కప్పు పొడుగునా బొమ్మలే! సున్నపు గచ్చు మీద కావిరంగు, పసుపు, నలుపు, ఆకుపచ్చ. ఒకచోట గిరిజా కల్యాణం, ఒకచోట ద్రౌపదీ స్వయంవరం, మరొకచోట కిరాతార్జునీయం, మర్రాకు మీద బాలకృష్ణుడు. అన్నదమ్ములిద్దరూ పొడుగాటి టోపీలు పెట్టుకుని పరివారంతో నిలబడి ఉన్నారు. వరసగా నిలుచున్న స్త్రీల చీరలు చూసి మా ఆవిడ అడుగు కదపలేదు. గళ్ళూ, చారలూ, అంచులూ, కొప్పు ముడులూ ఒకదానికొకటి పోలిక లేదు. “ఇన్ని రకాలు కొట్లో చూపించరు,” అంది. నేను ఇన్నేళ్ళు క్లాసులో ప్రబంధనాయికల వర్ణనలు చెప్పాను గాని, వాళ్ళు కట్టుకున్న చీర ఎలా ఉండేదో ఆ రోజే చూశాను.

గుడికి చేర్చి కల్యాణమండపం అసంపూర్తిగా నిలిచిపోయింది. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద రాగా విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలకథ. ఆ మచ్చలంటూ ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమో కాదో గాని, బొమ్మల కోసం ఇంత పని చేయించినవాడికి కళ్ళే పోయాయని చెప్పుకోవడం మనసును పట్టుకుంటుంది. అంతకంటె పట్టుకున్న సంగతి మరొకటి ఉంది. పైన రంగులు చాలాచోట్ల పెచ్చులూడి, వెలిసిపోతున్నాయి. మా అమ్మాయి ఒక ముఖం చూపించి, “ఈమెకు కన్ను లేదు నాన్నా,” అంది.

హిందూపురం నుంచి మళ్ళీ రైల్లో ధర్మవరం చేరేసరికి రెండు దాటింది. రైలు తప్పిపోతుందన్న తొందరలో భోజనం సంగతి మరిచాం. ఆటో కట్టించుకుని దగ్గరలోని నిమ్మలకుంటకు వెళ్ళాం. లేపాక్షి, ధర్మవరం, నిమ్మలకుంట అన్నీ 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఊళ్ళో ఇల్లిల్లూ ఒక చిత్రశాలే అనిపించింది. ఒక పంచలో మేకతోలు శుభ్రంచేసి, బిగించి ఆరబెట్టారు. మరొక పంచలో ఒక అమ్మాయి ఉలితో సన్నసన్నటి చిల్లులు పొడుస్తోంది. ఇంకొక ఇంట్లో రంగులద్దుతున్నారు. ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచి, మనిషంత ఎత్తు హనుమంతుణ్ణి గోడకు ఆనించాడు. నేల మీద ఉన్నంతసేపూ అది తోలుముక్క. వెనక దీపం పెట్టగానే చిల్లుల్లోంచి వెలుగు వచ్చి కిరీటంలో రత్నాలు మెరిశాయి. మా అమ్మాయి ఫోను జేబులో పెట్టేసింది.

పెద్దాయన నన్ను చూసి, “తమరు ఏం చేస్తారు సార్?” అన్నాడు.

“కాలేజీలో తెలుగు చెబుతాను.”

“తెలుగు సారా! ఏమనుకోవద్దండి, అడగతా ఉండా. మా ఆట ఎన్నిసార్లు చూసినారు?”

తోలుబొమ్మల ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి కాలంనుంచీ ఉందని పరీక్షల్లో ప్రశ్న ఇస్తాను. రంగనాథ రామాయణం ద్విపదలు తెర వెనక పాడుకున్నారని నోట్సు చెబుతాను. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు పేర్లు చెప్పి పిల్లల్ని నవ్విస్తాను. ఆట మాత్రం చూడలేదు. ఆ మాట ఒప్పుకోక తప్పలేదు.

ఆయన నొచ్చుకోలేదు. “వానల్లేకపోతే ముందర ఊళ్ళు ఊళ్ళే మమ్మల్ని పిలిచేవి సార్, విరాటపర్వం ఆడించేకి. రాత్రి తిన్నాక మొదలుపెడితే తెల్లారేది. ఇప్పుడు వాన రాకపోతే బోరు వేస్తారు.” నవ్వాడు. “బొమ్మలకు కరువు లేదు. దీపాలకు పెట్టే తోలు బుడ్డీలు, గోడబొమ్మలు చేస్తాం, బెంగుళూరోళ్ళు కొంటారు. పిల్లోళ్ళకు చెయ్యి తిరుగుతుంది. నోరే తిరగడం ల్యా. పద్యం, పాట వచ్చినోళ్ళం ముసిలోళ్ళమే మిగిలినాం.”

వాళ్ళ పెద్దలు మరాఠీ నేల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఇప్పటికీ ఆరె మాటే మాట్లాడుకుంటారు. ఆట మాత్రం తెలుగులోనే. ఇంటి భాష వేరైనవాళ్ళు మన పద్యాన్ని ఇన్ని తరాలు మోశారు. జీతం తీసుకుని తెలుగు చెప్పే నేను గంట ప్రయాణం చేసి వినడానికి రాలేకపోయాను.

“భోంచేసినారా?” అని ఇంటావిడ అడిగింది. మా ముఖాలే జవాబు చెప్పి ఉంటాయి. వద్దంటున్నా వినకుండా ఆకులు వేసింది. రాగిసంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, గోంగూర పప్పు, పక్కన ఉల్లిపాయ. సంగటిని నమలకూడదు. ముద్ద విరిచి, పప్పులో అద్ది, మింగాలి. మా అమ్మాయి పట్నపు పిల్లలా మొదట నమిలింది, తరవాత రెండో ముద్ద అడిగింది. లియోన్‌లో డబ్బిచ్చి తినే నేతగాడి తిండి, ఇక్కడ అడక్కుండానే ఆకులోకి వచ్చింది. డబ్బు ఇవ్వబోతే ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని రెండు బొమ్మలు, బేరమాడకుండా, కొనుక్కున్నాం.

సాయంత్రం ధర్మవరంలో తెలిసినవారి ఇంట మగ్గం చూశాం. మగ్గం పైన ఒక యంత్రం, దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ. ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి చీర మీద పువ్వు లేస్తుంది. “దీన్ని ఏమంటారు?” అంది మా అమ్మాయి. “జకార్డు” అన్నాడు నేతగాడు. అప్పుడు స్ఫురించింది నాకు! జకార్డు మనిషి పేరు. 1752లో పుట్టి, 1804 ప్రాంతంలో ఈ యంత్రానికి రూపమిచ్చిన ఆయన ఊరు ఏదనుకున్నారు? లియోన్!

ఇల్లు చేరాక పుస్తకాలు తిరగేశాను. అక్కడా తోలుబొమ్మలాటకు చుట్టం లాంటిది ఒకటుంది. లోరాన్ మూర్గే అనే నేతగాడు మగ్గం గిట్టక పళ్ళు పీకే వృత్తిలోకి దిగి, జనాన్ని పోగుచెయ్యడానికి చేతిబొమ్మలు ఆడించాడు. 1808 ప్రాంతంలో అతని చేతుల్లో పుట్టిన గిన్యోల్ పెద్దవాళ్ళను ఎగతాళి చేసే అల్లరివాడు, మన కేతిగాడికి తమ్ముడే అనుకోండి. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ గిన్యోల్ ఆట ఆడుతున్నారు. బొమ్మలకు ఒక ప్రదర్శనశాల కూడా ఉంది.

మా శిష్యుడికి ఆ రాత్రే జవాబు రాశాను. “నాయనా, పట్టు, బొమ్మ, నేతగాడి భోజనం, మూడూ మన దగ్గరా ఉన్నాయి. నీ లియోన్ మగ్గం ధర్మవరంలో ఆడుతోంది. నువ్వు అక్కడ ఆదివారం పూట గుట్ట ఎక్కుతావు, నేను ఇక్కడ ఇరవై ఏళ్ళు గడప దాటలేదు. తేడా అంతే. నీ తప్పు కాదు, చెప్పవలసినవాణ్ణి నేను.”

నిమ్మలకుంట పెద్దాయనతో మాట్లాడి వచ్చాను. వచ్చే కాలేజీ వార్షికోత్సవానికి మైదానంలో తెర కడతారు. సినిమా పాటల కార్యక్రమం బదులు తోలుబొమ్మలాటా అని మా ప్రిన్సిపాలుగారు కాస్త నసిగారు గాని, చివరికి సరేనన్నారు. పద్యాలు నేర్చుకుంటామని నలుగురు విద్యార్థులు పేర్లిచ్చారు. అయిదో పేరు రాస్తుంటే నా చెయ్యి కొంచెం వణికింది. ఆ పేరు నాదే.